మొలిచిన పత్తి ఆగిపోయింది: వేరు కొనల్లో ఏం జరిగింది (కేస్ స్టడీ)

వరంగల్ జిల్లా, పర్వతగిరి వైపు ఒక ఊరు. వానాకాలం పత్తి ఐదెకరాలు, అందులో మూడెకరాలు చల్క (తేలిక నేల), రెండెకరాలు రేగడి. ఫిర్యాదు ఏంటంటే, మొలక బాగానే వచ్చింది, బీజదళాలు విచ్చుకున్నాయి, ఆ తర్వాత చెట్టు అక్కడే నిలబడిపోయింది. పక్క రైతు అదే రోజు గింజ పెడితే ఆయన చేనులో నాలుగాకులు పడ్డాయి. ఇక్కడ మాత్రం రెండు బీజదళాలు, మధ్యలో విచ్చుకోని చిన్న మొగ్గ, అంతే. రైతు ఫోన్‌లో అన్న మాట: "సారూ, విత్తనంలనే దోకా ఉన్నది. నేను కంప్లైంట్ ఇస్త, మీరు ఒక్క కాయితం రాసియ్యుండ్రి."

నేను హన్మకొండలో పంటలకు సలహాలిచ్చే పని చేస్తాను. ఒక గదిలో మైక్రోస్కోపు, నాలుగు రంగుల సీసాలు, మట్టి ఆరబెట్టే ట్రేలు ఉంటాయి, దాన్ని ల్యాబ్ అనడానికి మొహమాటమేస్తుంది. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం, ఇలాంటివి దాదాపు ప్రతి జూన్, జూలైలో వస్తాయి, వచ్చినవాటిలో చాలావరకు విత్తనం మీదికో వైరస్ మీదికో పోతాయి. మొలక వచ్చింది కాబట్టి కలుపు మందు దెబ్బ కాదని దుకాణాల్లో ధీమాగా చెప్తారు. ఆ ధీమా తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే మొక్క కణం ఎక్కడ, ఎలా రెండవుతుందో కొంచెం తెలుసుకోవాలి, అది ఈ రాతలో సగం ఆక్రమిస్తుంది, ఓపిక పట్టండి.

ముందు చేను సంగతి. చేను మధ్యలోకి పోకుండా ముందు గట్టు మీద నుంచి మొత్తం చూశాను. రేగడి ముక్కలో చెట్లు కాస్త వెనకబడ్డాయి తప్ప బాగానే ఉన్నాయి. చల్కలో ఎగువ కంటే దిగువన, వాన నీరు నిలిచి పారిన సాళ్లలో దెబ్బ ఎక్కువ. మడి చివర, పంపు పట్టుకున్న మనిషి మలుపు తిరిగే చోట ఇంకా ఎక్కువ. బావి పక్కన ఒక పట్టీలో మాత్రం చెట్లు పచ్చగా, నాలుగాకులతో, దాని నిండా గునుగు, గడ్డి. అక్కడికొచ్చేసరికి పంపులో కలుపు మందు అయిపోయిందట, మళ్లీ కలపలేదట. నాకు సగం జవాబు అక్కడే దొరికింది. విత్తనం చెడ్డదైతే పంపు ఎక్కడ ఆగిందో దానికి తెలియదు కదా, అదే ప్యాకెట్ గింజలు ఆ పట్టీలోనూ పెట్టారు.

దెబ్బతిన్న చెట్టును దగ్గరగా చూస్తే బీజదళాలు మామూలు కంటే మందంగా, ముదురు పచ్చగా ఉన్నాయి. కాండం మట్టిని తాకే చోట ఉబ్బి ఉంది. వేలితో కాస్త వంచితే పుటుక్కున విరిగింది. ఇది చూసి చాలామంది గాలికి విరిగాయనో పురుగు కొరికిందనో అనుకుంటారు.

వేర్ల దగ్గర మాత్రం తొందరపడొద్దు. చెట్టును పట్టి గుంజితే కొనలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి, మనకు కావాల్సింది ఆ కొనలే. పక్క నుంచి పారతో మట్టిగడ్డతో సహా తీసి బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా వదిలించాలి. అలా తీస్తే దిగువ చల్కలోని చెట్లకు తల్లివేరు అంగుళంన్నర దిగి ఆగింది. కొన సన్నగా ఉండాల్సింది పోయి లావుగా, మొద్దుగా ఉబ్బింది. పక్కవేర్లు మొలవబోయి మొలవలేక, తల్లివేరు మీద చిన్న చిన్న బుడిపెల్లా ఉన్నాయి. రేగడిలోని చెట్లకు తల్లివేరు కిందికి దిగింది, పైన రెండంగుళాల మట్టిలో ఉన్న పక్కవేర్లకే ఆ బుడిపెలు.

వేరు ఉబ్బిందనగానే నెమటోడ్ (నులిపురుగు) అంటారు. వేరుముడి నెమటోడ్ (మెలాయిడోగైన్) కంతులు వేరు పొడవునా ఎక్కడైనా వస్తాయి, కంతి దాటి వేరు ముందుకు పెరుగుతుంది, కంతిని చీల్చి చూస్తే ముత్యంలాంటి తెల్లని ఆడపురుగు దొరుకుతుంది. పైగా మొలిచిన రెండు వారాలకే ఐదెకరాల చేనులో పంపు నడిచిన దారిలో నెమటోడ్ రాదు. వేరుకుళ్లు అయితే గోధుమరంగు మచ్చ, తోలు ఊడిరావడం ఉండాలి, ఇక్కడ వేరు తెల్లగానే ఉంది. గట్టి నేలలోనూ వేరు లావెక్కుతుంది, కానీ చల్కలో సన్న కడ్డీ అడుగున్నర సులువుగా దిగింది. 2,4-డి అనే కలుపు మందు గాలికొచ్చి తగిలితే పత్తి ఆకు సన్నబడి ఈనెలు దగ్గరపడి వేళ్లలా చీలుతుంది, పత్తికి ఆ మందంటే అసలు పడదు. ఇక్కడ అలాంటి ఆకే లేదు.

ఇక మందు చరిత్ర అడిగాను. గింజ పెట్టిన మర్నాడు పెండిమిథాలిన్ 30 శాతం అనే కలుపు మందు కొట్టారు. కొట్టిన కాసేపటికే వాన. "వాన కొట్టంగనే మందు కొట్టుకపోయిందనుకున్న సారూ, దుకాణపాయన గూడ మళ్ల కొట్టుమన్నడు." మళ్లీ కొట్టారు, రెండుసార్లూ అన్ని మడులకూ ఒకటే మోతాదు, చల్కకీ రేగడికీ తేడా లేకుండా. లెక్క వేస్తే ఎకరాకు రెండున్నర లీటర్లు దాటింది. మామూలుగా 30 శాతం మందు నేలను బట్టి ఎకరాకు లీటరు నుంచి లీటరుంబావు వాడతాం, తేలిక నేలల్లో తక్కువ వైపే ఉండాలి.

ఇందులో అసలు చిక్కు ఏంటంటే వానకు ఈ మందు కొట్టుకుపోదు. పెండిమిథాలిన్ నీటిలో కరిగేదే అతి తక్కువ, లీటరు నీటికి సుమారు 0.3 మిల్లీగ్రాములు. మట్టిలోని బంకకు, సేంద్రియ పదార్థానికి గట్టిగా అంటుకుని పై పొరలోనే కూర్చుంటుంది. చిన్న వాన పడితే పొర సమంగా సర్దుకుని ఇంకా బాగా పనిచేస్తుంది. పెద్ద వాన పడితే మందు కరిగిపోదు కానీ మందు పట్టిన మట్టే కదిలి, సాలు అంచుల నుంచి సాలు అడుగుకు చేరుతుంది, గింజ ఉండేది సరిగ్గా అక్కడే. దిగువ సాళ్లలో దెబ్బ ఎందుకు ఎక్కువో దీంతో తెలిసిపోతుంది. రేగడిలో బంక ఎక్కువ కాబట్టి అదే మోతాదు మందును అది పట్టి ఉంచింది, చల్కలో పట్టి ఉంచేది లేదు.

రైతుకు ఇదంతా చెప్తే ఆయన అడిగిన ప్రశ్న చాలామంది డిగ్రీ చదివినవాళ్లు కూడా అడగరు: "మందు తాకితే మొలకనే రాకపోవు గదా సారూ? మొలిసినంక ఎట్ల ఆగుతది?"

గింజలోపల ఉన్న పిండంలో కణాలు ముందే తయారై ఉంటాయి. నీళ్లు తాగగానే ఆ కణాలు సాగుతాయి. మొలక నేల పైకి రావడం, బీజదళాలు విచ్చుకోవడం చాలావరకు ఈ సాగడంతోనే జరిగిపోతుంది, కొత్త కణాల అవసరం అప్పుడు పెద్దగా ఉండదు. 1960ల్లో గోధుమ గింజలకు గామా కిరణాలు గట్టిగా పెట్టి, ఒక్క కణం కూడా రెండవకుండా చేసి మొలకెత్తించిన ప్రయోగాలు ఉన్నాయి, మొలకలు వచ్చాయి, ఆకు కూడా కొంత పెరిగింది, తర్వాత ఆగిపోయాయి. అందుకే మొలక శాతం చూసి విభజన బాగుందో లేదో చెప్పలేం. బాగా మొలిచి తర్వాత ఆగిపోవడమే నిజానికి విభజన దెబ్బతిన్నదనడానికి గుర్తు, ఎందుకంటే గింజలో ఉన్న కణాల సొమ్ము అయిపోయాక వేరు కొన కొత్తవి సంపాదించాలి, అక్కడ కర్మాగారం మూతపడింది.

అది మూతపడిందో లేదో కళ్లారా చూడాలి కాబట్టి బావి పక్క పట్టీ నుంచీ, దిగువ చల్క నుంచీ వేరు కొనలు పొద్దున్నే తీసి, ఇథైల్ ఆల్కహాల్ మూడు వంతులు, గ్లేసియల్ అసిటిక్ యాసిడ్ ఒక వంతు కలిపిన ద్రావణంలో వేసి తెచ్చాను. మర్నాడు పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 60 డిగ్రీల దగ్గర మెత్తబరచి, అసిటోకార్మిన్ రంగు వేసి, గాజు పలక కింద బొటనవేలితో నొక్కి చూడటమే. ఇంటర్‌లో ఉల్లి వేరుతో చేసిన ప్రాక్టికల్ ఇదే. ఉల్లికి 16 క్రోమోజోములు, పెద్దవి, చూడటానికి సుఖం. పత్తికి 52, అవీ చిన్నవి, లెక్కపెట్టాలని కూర్చుంటే కళ్లు పోతాయి, కానీ మనకు లెక్క అక్కర్లేదు, అవి ఎలా పరుచుకున్నాయన్నదే కావాలి.

బావి పక్క వేర్లలో అన్ని దశలూ కనిపించాయి. క్రోమోజోములు మధ్యలో వరుస కట్టినవి, రెండు వైపులకు జరుగుతున్నవి, రెండు కేంద్రకాల మధ్య కొత్త గోడ మొదలైనవి. కణాలు వరుసలు వరుసలుగా, ఇటుకలు పేర్చినట్టే ఉన్నాయి. దిగువ చల్క వేర్లలో క్రోమోజోములు దట్టంగా ముడుచుకుని కణం నిండా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మధ్య వరుస లేదు, విడిపోతున్నవి లేవు, కొత్త గోడ అసలే లేదు. కొన్ని కణాల్లో ఒక్కటే కేంద్రకం, మామూలు కంటే చాలా పెద్దది, తమ్మెలు తమ్మెలుగా. అంటే క్రోమోజోములు రెట్టింపయ్యాయి, విడిపోలేకపోయాయి, చివరికి ఒకే పొరలో మళ్లీ చుట్టుకున్నాయి. వరుసలు చెదిరి కణాలన్నీ గుండ్రంగా ఉబ్బాయి. ఈ స్లయిడ్ చూశాక నాకు సందేహం మిగల్లేదు.

ఇప్పుడు ఇది ఎందుకిలా అన్నది. జంతువుల కణం రెండవ్వాలంటే నడుము చుట్టూ బయటి నుంచి బిగుసుకుని తెగుతుంది. మొక్క కణానికి చుట్టూ గట్టి కణకవచం ఉంటుంది, బిగుసుకోవడం కుదరదు, లోపల మధ్య నుంచి గోడ కట్టుకుంటూ బయటికి రావాలి. పైగా మొక్క కణం ఒకసారి పుట్టిన చోటు నుంచి కదలదు, పక్క కణంతో గోడ పంచుకుని అతుక్కుని ఉంటుంది. కాబట్టి కొత్త గోడ అడ్డంగా పడిందా నిలువుగా పడిందా అన్నది చాలా పెద్ద సంగతి. వేరు కొనలో గోడ అడ్డంగా పడితే ఆ వరుస పొడవు పెరుగుతుంది, నిలువుగా పడితే కొత్త వరుస పుట్టి వేరు లావవుతుంది.

గోడ ఎక్కడ పడాలన్నది కణం ఎలా నిర్ణయిస్తుందని 19వ శతాబ్దం నుంచే అడుగుతున్నారు. 1863లో హోఫ్‌మైస్టర్ కణం పెరిగే దిక్కుకు అడ్డంగా గోడ పడుతుందన్నాడు. 1888లో బెల్జియం వృక్షశాస్త్రజ్ఞుడు ఎరేరా, సబ్బు నురగలో పొరలు ఎలాగైతే అతి తక్కువ వైశాల్యంతో సర్దుకుంటాయో కొత్త గోడ కూడా అలాగే పడుతుందన్నాడు. చాలా కణాల్లో ఇది నిజమే. అయితే టేకు మొద్దు లావెక్కించే కాంబియం కణాలు చూడండి, పొడవాటి కణం తన పొడవునా నిలువుగా చీలుతుంది, అంటే అన్నిటికంటే పెద్ద గోడను కోరి కడుతుంది, ఆ గోడ చివరి దాకా చేరడానికి గంటల తరబడి పడుతుంది. కాబట్టి ఆకారం ఒక్కటే కాదు, మొక్క లోపలి నుంచి వచ్చే సంకేతాలు కూడా గోడ దిక్కును మారుస్తాయి.

1966లో పికెట్-హీప్స్, నార్త్‌కోట్ అనే ఇద్దరు గోధుమ కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తూ ఒక వింత పట్టుకున్నారు. క్రోమోజోములు కదలకముందే, కేంద్రకం చుట్టూ, కణపొరకు ఆనుకుని మైక్రోట్యూబ్యూళ్ల పట్టీ ఒకటి ఏర్పడుతుంది. మైక్రోట్యూబ్యూళ్లంటే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడే సన్నని గొట్టాలు. ఆ పట్టీ పేరు ప్రీప్రొఫేజ్ బ్యాండ్. మొదట వెడల్పుగా ఉండి, ఇరుకై, విభజన మొదలవగానే మాయమైపోతుంది. చివర్లో కొత్త గోడ వచ్చి పాత గోడను కలిసేది సరిగ్గా ఆ పట్టీ ఉండిన చోటే. మేస్త్రీ దారం పట్టి గీత గీసి దారం చుట్టేసుకున్నా గోడ ఆ గీత మీదే లేచినట్టు. పట్టీ పోయినా గీత ఎలా మిగిలిందన్నదానికి జవాబు తర్వాత దొరికింది: టాంగిల్డ్ అనే ప్రోటీన్, పోక్ అనే కైనెసిన్ ప్రోటీన్లు పట్టీ ఉన్న చోటే చివరి దాకా అంటిపెట్టుకుని ఉంటాయి. టాంగిల్డ్ ముందు మక్కజొన్నలో దొరికింది, అది చెడిన మక్కజొన్న ఆకులో కణాల గోడలు వంకరటింకరగా పడతాయి, విచిత్రం ఏంటంటే ఆకు మొత్తం ఆకారం మాత్రం దాదాపు మామూలే.

పట్టీ లేకపోతే ఏమవుతుంది? అరబిడాప్సిస్ అనే చిన్న ఆవ జాతి మొక్కలో ఫాస్, టన్ అనే ఉత్పరివర్తకాలు (జన్యువు మారిన మొక్కలు) 1990ల్లో బయటపడ్డాయి, వాటిలో పట్టీ ఏర్పడదు. మొక్క పొట్టిగా, లావుగా, కణాలన్నీ గందరగోళంగా ఉంటాయి, అయినా వేరు వేరు చోటే, ఆకు ఆకు చోటే ఉంటుంది. 2017లో ఫ్రాన్స్ పరిశోధకులు ఇంకా సున్నితంగా, పట్టీని మాత్రమే తీసేసిన మొక్కలు తయారుచేసి చూస్తే, గోడలు చాలావరకు సరైన చోటే పడ్డాయి, కాకపోతే గురి కాస్త తప్పింది. నాకు అర్థమైనంతలో పట్టీ పని దిక్కును మొదటి నుంచీ నిర్ణయించడం కాదు, నిర్ణయమైన దిక్కును తప్పిపోకుండా బిగించడం.

పట్టీ తర్వాత మైక్రోట్యూబ్యూళ్లే కండెగా (స్పిండిల్) మారి క్రోమోజోములను రెండు వైపులకు లాగుతాయి. జంతు కణాల్లో ఈ పోగులు పుట్టే కేంద్రాలైన సెంట్రోసోములు మొక్క కణాల్లో లేవు, కేంద్రకం చుట్టూ నుంచే ఈ పోగులు పుట్టుకొస్తాయి. లాగడం అయ్యాక అవే పోగులు మధ్యలో ఎదురెదురుగా నిలబడి ఫ్రాగ్మోప్లాస్ట్ అవుతాయి, కణంలో సరుకు సర్ది పంపే గాల్జీ నుంచి వచ్చే చిన్న సంచులను మధ్య గీతకు చేరుస్తాయి, అవి కలిసి కణఫలకం అవుతుంది, ముందు కాలోజ్, తర్వాత సెల్యులోజ్, అలా అంచులకు పాకుతూ పోయి గీసిన గీత దగ్గర పాత గోడకు అతుక్కుంటుంది. మామూలు రోజుల్లో కూడా అవే మైక్రోట్యూబ్యూళ్లు కణపొర లోపలి వైపు చుట్లు చుట్టి, సెల్యులోజ్ పోగులు ఏ దిక్కుగా పడాలో దారి చూపుతాయి. పాల్ గ్రీన్ 1962లోనే ఇలాంటిదేదో ఉండాలని ఊహించాడు, 1963లో లెడ్‌బెటర్, పోర్టర్ ఆ గొట్టాలను చూశారు, సెల్యులోజ్ తయారుచేసే ఎంజైములు ఆ గొట్టాల వెంటే నడవడాన్ని 2006లో బతికున్న కణంలో చూడగలిగారు. చుట్లు అడ్డంగా ఉంటే కణం లావు కాలేదు, పొడవే సాగుతుంది.

అంటే గీత గీయడం, క్రోమోజోములు పంచడం, గోడ కట్టడం, కణాన్ని పొడవుగా ఉంచడం, నాలుగు పనులకూ సరుకు ఒకటే. పెండిమిథాలిన్ వెళ్లి పట్టుకునేది ఆ సరుకునే. డైనైట్రోఅనిలిన్ గుంపు మందులు, ట్రైఫ్లురాలిన్, ఒరిజాలిన్, పెండిమిథాలిన్, ట్యూబ్యులిన్‌కు అంటుకుని ముక్కలు ఒకదానికొకటి అతకకుండా చేస్తాయి. గొట్టాలు పుట్టవు. కండె లేదు కాబట్టి క్రోమోజోములు చెల్లాచెదురు. ఫ్రాగ్మోప్లాస్ట్ లేదు కాబట్టి గోడ లేదు. చుట్లు లేవు కాబట్టి కణాలు అన్ని వైపులా ఉబ్బి కొన మొద్దుబారింది. నేను వేరు మీద చూసిన బుడిపె, స్లయిడ్ మీద చూసిన చెల్లాచెదురు, రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు. గొట్టాలు మాత్రం నా మైక్రోస్కోపులో కనిపించవు, వాటికి ఫ్లోరసెన్స్ రంగులు గానీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గానీ కావాలి.

ఈ లక్ష్యం నిజమేననడానికి మంచి సాక్ష్యం అమెరికా పత్తి చేన్లలో ఉంది. ట్రైఫ్లురాలిన్ ఏళ్ల తరబడి వాడిన చోట ఎల్యూసిన్ ఇండికా అనే రాగి జాతి గడ్డి మందుకు లొంగడం మానేసింది. 1998లో తేలింది ఏంటంటే దాని ఆల్ఫా ట్యూబ్యులిన్‌లో 239వ స్థానంలో థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వచ్చింది. ఒక్క అమైనో ఆమ్లం. ఇంకో సంగతి, మొక్కల పెంపకందారులు క్రోమోజోములు రెట్టింపు చేయడానికి వాడే కోల్చిసిన్ కూడా ఇదే ట్యూబ్యులిన్ మీద పనిచేస్తుంది, టిష్యూ కల్చర్ ల్యాబ్‌లలో దాని బదులు ఒరిజాలిన్ వాడతారు. ల్యాబ్‌లో కావాలని చేసేదే ఇక్కడ పర్వతగిరి చల్కలో అయాచితంగా జరిగింది, నేను చూసిన పెద్ద కేంద్రకాలు అవే.

నెమటోడ్ కంతిలోనూ విభజన చెడటమే జరుగుతుంది, అయితే అక్కడ చెడేది వేరే మెట్టు. నెమటోడ్ తన తిండి కోసం ఎంచుకున్న కణంలో కేంద్రకాలు మళ్లీ మళ్లీ విడిపోతాయి, గోడ మాత్రం పూర్తి కాదు, చివరికి ఒక్క పెద్ద కణంలో ఎన్నో కేంద్రకాలు. మందు దెబ్బలో ఒకటే పెద్ద కేంద్రకం. స్లయిడ్ దగ్గర ఈ తేడా బాగా పనికొస్తుంది.

మరి ఇదే మందు సరైన మోతాదులో పత్తిని ఎందుకు చంపదు? పత్తికి దీన్ని విరిచేసే శక్తేమీ పెద్దగా లేదు, స్థానమే కాపాడుతుంది. కలుపు గింజలు చిన్నవి, పై అంగుళంలో మొలుస్తాయి, వాటి కొనలు మందు పొరలోనే పుట్టి అక్కడే ఆగుతాయి. పత్తి గింజ కాస్త లోతుగా ఉంటుంది, తల్లివేరు కొన మందు పొర కిందే పుట్టి కిందికే పోతుంది. మందు మొక్కలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పెద్దగా పాకదు. కాబట్టి కొన పొరలో ఉందా, కింద ఉందా అన్నదే చావుబతుకుల తేడా. దీంతోనే చికిత్స కూడా తేలుతుంది.

మట్టిని లోతుల వారీగా కోసి, పై రెండంగుళాలది, తర్వాతి రెండంగుళాలది, ఆ కిందిది విడివిడిగా కాగితం కప్పుల్లో నింపి జొన్న గింజలు వేశాను, జొన్నకు ఈ మందు బాగా తాకుతుంది. బావి పక్క మట్టి పోలిక కోసం పెట్టాను. వారంలోపే తేలిపోతుంది, ఖర్చు టీ తాగినంత. చల్క పై మట్టిలో జొన్న వేర్లు మొద్దుబారాయి, తర్వాతి పొరలో కొంచెం, కింది పొరలో బావి పక్క మట్టిలాగే చక్కగా దిగాయి.

రేగడి రెండెకరాలు, ఎగువ చల్కలో తల్లివేరు పొర దాటిన భాగం ఉంచేద్దామన్నాను. తల్లివేరు కింది భాగంలో, లోపలి పెరిసైకిల్ పొర కణాలు మళ్లీ విభజన మొదలుపెట్టి కొత్త పక్కవేర్లు వేస్తాయి, అక్కడ మందు లేదు, అడ్డుకునేదేమీ లేదు. యూరియా వేసి లేపుదామని రైతు అడిగారు, వద్దన్నాను, వేరే లేనప్పుడు ఎరువు ఏం చేస్తుంది. దిగువ చల్కలో కొన పొరలోనే ఆగిన చెట్లు కోలుకోవు. కొన్ని బతికినా గాలికి మొదలు దగ్గర విరిగిపోతాయి, వాటి కోసం పోగుంటలు (చెట్టు పోయిన ఖాళీలు) నింపుతూ కూర్చోవడం దండగ, తీసేసి మళ్లీ పెట్టాలని చెప్పాను. ఆయన మౌనంగా ఉండి, "అన్ని పీకుడేనా సారూ" అన్నారు. అవును అన్నా, ఇంకా జూన్ దాటలేదు, జూలై సగం దాటాక పత్తి పెట్టమని మాత్రం నేను చెప్పను, అప్పుడైతే కందికి పోదామన్నాను.

మళ్లీ పెట్టే ముందు పాత సాళ్లకు అడ్డంగా కల్టివేటర్ లోతుగా వేయించాం. అంగుళం మందంలో ఉన్న మందు ఆరంగుళాల మట్టిలో కలిస్తే లెక్క ప్రకారం ఆరో వంతుకు పలచబడుతుంది. పశువుల ఎరువు ఉన్నంత వేయించాం, సేంద్రియ పదార్థం మందును పట్టుకుంటుంది. గింజ కొత్త సాళ్లలో, కాస్త లోతుగా. మందు మళ్లీ కొట్టలేదు, గుంటుక తోలుకోవడమే. జొన్న, మక్క లాంటివి ఆ ముక్కలో ఆ సీజన్‌కు వద్దన్నాను.

విత్తనం మీద కంప్లైంట్ కాయితం నేను రాయలేదు. బావి పక్క పట్టీ, రేగడి, చల్క మూడింటి ఫొటోలు, స్లయిడ్ బొమ్మలు, కప్పుల ఫలితం, ఎకరాకు పడిన మందు లెక్క రాసిచ్చాను. ఆయనకు అది నచ్చలేదు, కంప్లైంట్ ఇస్తే ఎంతోకొంత వస్తదన్న ఆశ ఉండె. ఇస్తే వ్యవసాయాధికారి వచ్చి ఆ బావి పక్క పట్టీనే ముందు చూస్తాడని చెప్పాను.

ఉంచేసిన చెట్లు కొత్త వేర్లు దిగాక ఆకులు తీశాయి, పక్క చేను కంటే పూత ఆలస్యమైంది. మళ్లీ పెట్టిన ముక్క సమంగా మొలిచింది, వేరు తీసి చూస్తే కొన సన్నగా, తెల్లగా ఉంది. యాసంగికి ఆ చల్కలో మక్కలు వేయొచ్చా అని అడిగితే మట్టి తెమ్మన్నాను, కప్పుల్లో ఈసారి మక్క గింజలే వేశాం, వేర్లు మామూలుగా వచ్చాయి, వేసుకోమన్నాను. ఇప్పుడు ఆయనే వేరేవాళ్ల మట్టి తెచ్చి కప్పుల్లో జొన్న వేసి చూపిస్తున్నాడట.